హార్మోను మందులు: చెట్టుకు బలమా, చెట్టు మీద అప్పా?



పైరుకూ, చెట్టుకూ మనం వాడుతున్న హార్మోను మందుల గురించి ఈ రోజు కొంచెం వివరంగా మాట్లాడుకుందాం. శ్రీనివాసపురం, ములబాగిలు వైపు మామిడి తోపులున్నవారు, క్రిష్ణగిరి, హోసూరు ప్రాంతాల రైతులు, చిక్కబళ్లాపురం ద్రాక్షతోటల వారు, బళ్లారి, రాయచూరు వైపు మిరప, పత్తి వేసేవారు, అందరికీ ఈ మందులతో ఏదో ఒక రూపంలో పరిచయం ఉంది. పూత రావాలన్నా, వచ్చిన పూత నిలవాలన్నా, కాయ లావెక్కాలన్నా, కాయ పండాలన్నా ఒక్కొక్కదానికి ఒక్కొక్క సీసా అంగడిలో దొరుకుతున్నది. అందులో కొన్ని మంచి మందులే. శాస్త్రజ్ఞులు పరీక్షించి, ప్రభుత్వం అనుమతించినవే. కాని వీటి స్వభావం ఏమిటో తెలియకుండా వాడితే చెట్టు దెబ్బతింటుంది, నేల దెబ్బతింటుంది, ఒక్కొక్కసారి తిన్నవారి ఆరోగ్యానికీ, అమ్మినవారి పేరుకూ కూడా ముప్పు వస్తుంది.

మొదట ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. హార్మోను మందు ఎరువు కాదు. ఎరువు చెట్టుకు ఆహారం. హార్మోను ఆహారం కాదు, ఆజ్ఞ. ‘ఇప్పుడు పెరుగు, ఇప్పుడు ఆగు, ఇప్పుడు పూయి, ఇప్పుడు పండు’ అని చెట్టుకు చెప్పే ఆజ్ఞ. ఎద్దుకు మేత వేయకుండా ముల్లుకర్రతో పొడిచామనుకోండి. నాలుగడుగులు వేగంగానే వేస్తుంది. కాని ఆ వేగం ముల్లుకర్రలోంచి రాలేదు, ఎద్దు ఒంట్లోంచి వచ్చింది. హార్మోను మందు పని కూడా అంతే. చెట్టులో ఉన్న సత్తువను ఒకవైపు నుంచి మరొకవైపుకు మళ్లిస్తుంది, కొత్తగా సత్తువను తెచ్చిపెట్టదు.

ఈ హార్మోన్లను మనిషి కొత్తగా సృష్టించలేదు. ప్రతి మొక్కలోనూ ఇవి చిటికెలో వెయ్యో వంతు కన్నా తక్కువగా సహజంగానే ఉంటాయి. వీటిలో ఒకటైన జిబ్బరెల్లిన్ సంగతి ఎలా బయటపడిందో వింటే వీటి శక్తి ఏమిటో తెలుస్తుంది. జపాను దేశంలో వరికి ఒక తెగులు వచ్చేది. తెగులు సోకిన మొక్క పక్క మొక్కల కన్నా ఎత్తుగా, సన్నగా, పాలిపోయి పెరిగి, గింజ పట్టకుండానే పడిపోయేది. అక్కడి రైతులు దాన్ని ‘వెర్రి మొలక’ అనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. 1926లో కురొసావా అనే శాస్త్రజ్ఞుడు ఈ వెర్రి పెరుగుదలకు కారణం ఒక బూజు విడుదల చేసే పదార్థమని చూపించాడు. 1930లలో ఆ పదార్థాన్ని వేరుచేసి జిబ్బరెల్లిన్ అని పేరుపెట్టారు. ఈనాడు గింజలేని ద్రాక్షకు మనం కొట్టే జీఏ మందు ఆ కుటుంబానిదే. అంటే, మొదట తెగులు రూపంలో కనిపించినదే తగిన పాళ్లలో మందయింది. పాళ్లు తప్పితే మళ్లీ తెగులే అవుతుంది.

ద్రాక్షలో చూడండి. సరైన సమయంలో, సరైన మోతాదులో జీఏ వాడితే గుత్తి సాగుతుంది, కాయ లావెక్కుతుంది. ఎక్కువైతే గుత్తి కాడ మొరటుదేరి, కోత తరువాత కాయలు కాడ నుంచి ఊడిపోతాయి. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. తీగలో మరుసటి పంటకు తయారు కావలసిన కాయమొగ్గ తగ్గిపోతుంది. ఈ ఏటి కాయ లావు చూసి సంతోషించిన రైతు, పై ఏడు గుత్తుల సంఖ్య ఎందుకు తగ్గిందో తెలియక వాతావరణాన్ని నిందిస్తాడు.

ఇక మోతాదు సంగతి. మిరపలో పూత రాలకుండా ఎన్.ఏ.ఏ. అనే మందు కొడతాం. అంగడిలో దొరికే నాలుగున్నర శాతం మందును ఒక మిల్లీలీటరు తీసుకుని నాలుగున్నర లీటర్ల నీటిలో కలిపితే, పది లక్షల పాళ్ల నీటిలో పది పాళ్ల మందు ఉన్నట్టు. దీన్నే 10 పీపీఎం అంటారు. పది లీటర్ల ట్యాంకుకు రెండు మిల్లీలీటర్ల పైచిలుకు మాత్రమే అన్నమాట. దీన్ని సీసా మూతతో కొలిస్తే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి. ఒక్కొక్క మూత ఒక్కొక్క కొలతలో ఉంటుంది. పైగా ‘రెండింతలు పోస్తే రెండింతలు నిలుస్తుంది’ అనుకోవడం పొరపాటు. ఆపిల్ తోటల్లో పిందె దశలో ఇదే మందు కొట్టి ఎక్కువైన పిందెలను కావాలని రాలుస్తారు. అదే తోటలో కోతకు ముందు కొడితే కాయ రాలకుండా నిలుస్తుంది. మందు ఒకటే. సమయం మారితే పని తలకిందులవుతుంది.

2,4-డి అన్న పేరు మీరంతా విన్నదే. చాలా తక్కువ పాళ్లలో అది హార్మోను, ఎక్కువ పాళ్లలో కలుపు మందు. కలుపు మందు కొట్టిన ట్యాంకును సరిగా కడగకుండా పత్తికి వాడితే, ఆకు వెడల్పు పోయి, ఈనెలు తేలి, సన్నగా వేళ్లలాగా చీలుతుంది. పక్క చేలో కొట్టింది గాలికి వచ్చినా ఇదే గతి. బళ్లారి, రాయచూరు వైపు పత్తి రైతులు దీన్ని వైరస్ తెగులని భ్రమపడి, ఉన్నవాటి మీద మరికొన్ని మందులు కొట్టడం కద్దు. కలుపు మందుకు ఒక ట్యాంకు, మిగతా వాటికి మరొక ట్యాంకు వేరుగా ఉంచుకోవడమే దీనికి మంచి మార్గం.

ఇప్పుడు మన ప్రాంతానికి ముఖ్యమైన సంగతికి వద్దాం. అది మామిడిలో పాక్లోబ్యుట్రజోల్. అంగడిలో రకరకాల పేర్లతో వస్తుంది. రైతులు ‘పూత మందు’ అని కూడా అంటారు. మామిడిలో, ముఖ్యంగా బేనీషా వంటి రకాల్లో, ఒక ఏడు కాపు, ఒక ఏడు ఎగవేత అన్నది పాత బాధ. ఈ మందు ఆ బాధకు ఉపాయంగా వచ్చింది. ఇది చెట్టులో జిబ్బరెల్లిన్ తయారు కాకుండా అడ్డుకుంటుంది. కొమ్మ సాగడం ఆగుతుంది. ఆకులు తయారుచేసిన పిండిపదార్థం కొత్త చిగురుకు ఖర్చు కాకుండా కొమ్మలోనే నిలవ చేరి, పూతకు దారితీస్తుంది. తోటను బాగా చూసుకునే రైతు చేతిలో ఇది మంచి సాధనం. సందేహం లేదు.

అయితే చెట్టు ఒక ఏడు ఎగవేసిందంటే అది బద్ధకంతో కాదు. పోయిన ఏడు కాచిన కాపుకు ఖర్చయిన సత్తువను తిరిగి కూడగట్టుకుంటున్నదన్నమాట. ఆ విశ్రాంతిని మనం మందుతో చెరిపేస్తున్నాం. అందుచేత ఆ సత్తువను మనమే ఎరువు రూపంలో, నీటి రూపంలో తిరిగి ఇవ్వాలి. పశువుల ఎరువు, రసాయనిక ఎరువు, కాయ ఊరే సమయంలో తడి, ఇవేవీ లేకుండా ఏటేటా పూత మందు మాత్రం పోస్తూ పోతే, చెట్టు మీద అప్పు పెరుగుతూ పోతుంది. ఆ అప్పును చెట్టు ఎలా తీరుస్తుంది? కొమ్మలు ఎండించుకుని తీరుస్తుంది. కాయ సైజు తగ్గించి తీరుస్తుంది. చివరకు తన ఆయుస్సుతో తీరుస్తుంది.

మోతాదు ఎక్కువైతే కనిపించే గుర్తులు చెబుతాను. కొత్త చిగురు పొట్టిగా, కణుపులు దగ్గరదగ్గరగా వచ్చి, ఆకులు చిన్నవై, కొమ్మ చివర గుత్తిలాగా ముడుచుకుంటాయి. పూతకాడ బారుగా సాగకుండా ముద్ద కట్టినట్టు ఉంటుంది. అటువంటి దట్టమైన పూతలోకి గాలి ఆడదు, మనం కొట్టే మందు లోపలికి చేరదు. దాంతో తేనెమంచు పురుగును, బూడిద తెగులును అదుపు చేయడం కష్టమవుతుంది. ఈ గుర్తులు కనిపిస్తే, పోయిన ఏటి మందు ఇంకా చెట్టులోనో, నేలలోనో పనిచేస్తున్నదని అర్థం. ఆ ఏడు మళ్లీ పోయకూడదు.

ఎందుకంటే ఈ మందు నేలలో తొందరగా నశించదు. నెలల తరబడి ఉంటుంది. కొన్ని నేలల్లో ఏడాదికి పైగా కూడా ఉంటుంది. ఏటేటా పోసేకొద్దీ పేరుకుంటుంది. మామిడి చెట్ల మధ్య వేరుశనగో, అలసందో, కూరగాయలో వేసే అలవాటు మనకున్నది కదా. ఆ పైర్ల వేళ్లకు ఈ మందు అందితే అవి గిడసబారిపోతాయి.

మరి ఎలా వాడాలి? సాధారణంగా 23 శాతం ద్రవరూప మందును చెట్టు గొడుగు అడ్డకొలత ఒక మీటరుకు మూడు మిల్లీలీటర్ల చొప్పున లెక్క కడతారు. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు నేల మీద పడిన చెట్టు నీడను ఈ అంచు నుంచి ఆ అంచుకు కొలవండి. అయిదు మీటర్లుంటే 15 మిల్లీలీటర్లు. అంతే. దాన్ని నీటిలో కలిపి, నేలలో తేమ ఉన్నప్పుడు, మొదలు చుట్టూ వేళ్లున్న చోట పోయాలి. పూతకు మూడు నాలుగు నెలల ముందు పోయాలి. ఏడేళ్ల లోపు చెట్లకూ, నీరసించిన చెట్లకూ, తెగులు సోకిన చెట్లకూ పోయరాదు. మీ రకానికీ, మీ నేలకూ కచ్చితమైన మోతాదును దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

ఇక్కడ తోట యజమానులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన ప్రాంతాల్లో తోపును రెండేళ్లకో, మూడేళ్లకో గుత్తకు ఇవ్వడం మామూలు. గుత్తదారుకు ఆ రెండు మూడు కాపులే లెక్క. నాలుగో ఏడు చెట్టు ఏమైనా అతనికి పట్టదు. అందరూ అటువంటివారని నేను అనడం లేదు. కాని గుత్త ముగిసే ఏడు మందు మోతాదు పెరిగితే, లాభం ఒకరికి, అప్పు మరొకరికి మిగులుతుంది. కాబట్టి గుత్త కాగితంలో ధరా, గడువూ రాసినట్టే, పూత మందు పోయవచ్చునా లేదా, పోస్తే చెట్టుకు ఎంత, ఏ నెలలో, ఎవరి ఎదుట పోయాలి, ఎరువు ఎవరు వేయాలి అన్నవి కూడా రాయించుకోండి. తాత నాటిన చెట్టుకు మనుమడి దాకా కాసే ఆయుస్సుంది. దాన్ని మూడేళ్ల లెక్కలో పోగొట్టుకోకండి.

ఇంతవరకు చెట్టు సంగతి చెప్పాను. ఇక తినేవారి సంగతి. మందు అవశేషం కాయలో మిగిలితే ఏమవుతుందో మహారాష్ట్ర ద్రాక్ష రైతులకు 2010లో తెలిసివచ్చింది. తీగ పెరుగుదలను అణచడానికి వాడే క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే హార్మోను మందు అవశేషాలు యూరపు హద్దు కన్నా ఎక్కువగా ఉన్నాయని, మన దేశం నుంచి ఓడల మీద వెళ్లిన ద్రాక్షను అక్కడ నిలిపివేశారు. అప్పట్లో ఆ హద్దు కిలోకు 0.05 మిల్లీగ్రాములు. కాయ చూడడానికి బాగుంది, రుచి బాగుంది, అయినా అమ్ముడుపోలేదు. సోలాపురం వైపు ఉన్న మన తెలుగువారిలో కొందరికి ఆ సంవత్సరం జ్ఞాపకం ఉండే ఉంటుంది. మనం వాడిన మందు కాయతోపాటు ప్రయాణం చేస్తుందని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

అమెరికాలో ఇంతకన్నా ముందే ఒక గొడవ జరిగింది. 1960ల చివరి నుంచి అక్కడి ఆపిల్ తోటల్లో డామినోజైడ్ అనే హార్మోను మందును, ఆలార్ అన్న పేరుతో, వాడేవారు. కాయ రాలదు, ఎరుపు బాగా వస్తుంది, నిలవ ఉంటుంది. అయితే ఆ కాయను రసం తీయడానికో, గుజ్జు చేయడానికో వేడి చేసినప్పుడు ఆ మందు విడిపోయి మరొక రసాయనం పుడుతుందనీ, దానివల్ల క్యాన్సరు ముప్పు ఉండవచ్చుననీ ప్రభుత్వ సంస్థ తేల్చింది. ముప్పు ఎంత అన్న దానిపై చాలా వాదోపవాదాలు జరిగాయి. చివరకు 1989లో తినే పంటల మీద ఆ మందు వాడకం ఆగిపోయింది.

ఆ కథ అంతటితో ముగియలేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు వైద్యానికని గంజాయి పెంపకాన్ని అనుమతించాయి. మన దేశంలో అనుమతి లేకుండా గంజాయి పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పెద్ద నేరమని మీకు తెలుసు. అక్కడ ఇళ్లలో, దీపాల కింద పెంచేవారికి ‘పువ్వు గట్టిపడుతుంది, బరువు పెరుగుతుంది’ అంటూ పోషకాల పేరుతో కొన్ని సీసాలు అమ్మారు. 2010, 2011 ప్రాంతాల్లో కాలిఫోర్నియా వ్యవసాయ శాఖవారు పరీక్షిస్తే, అటువంటి కొన్ని సీసాల్లో బయట రాయని పాక్లోబ్యుట్రజోల్, డామినోజైడ్ కనిపించాయి. అంటే మన మామిడి పూత మందూ, ఆపిల్ మీద ఆపేసిన ఆ పాత మందూనే. కొన్నవారికి ఆ సంగతి తెలియదు, వాడిన రోగులకు అసలే తెలియదు.

ఇందులో ఒక సూక్ష్మం గమనించండి. మామిడికి మందును నేలలో పోస్తాం. మధ్యలో నెలలు గడుస్తాయి. తరువాత తొక్క తీసి తింటాం. ఆహారానికి ఇంత అవశేషం ఉండవచ్చునని హద్దులు కట్టడం ఆ లెక్కలోనే. గంజాయిని నిప్పంటించి పొగ పీలుస్తారు. పొగ సూటిగా ఊపిరితిత్తుల్లోకీ, అక్కడి నుంచి రక్తంలోకీ పోతుంది. తినేవాటికి కట్టిన హద్దులు పొగకు వర్తించవు. అందుకే కాలిఫోర్నియాలో అమ్మకానికి వచ్చే గంజాయిలో ఈ రెండు మందులూ అసలు కనిపించనే కూడదన్న జాబితాలో చేర్చారు. ఒక పంటకు అనుమతి ఉన్న మందు మరొక పంటకు విషం కావచ్చు. అందుచేత ‘మామిడికి పనిచేసింది కదా, దానిమ్మకు పోస్తాను, టమాటాకు పోస్తాను’ అని మనం కూడా అనుకోకూడదు.

బయట ఒక పేరు, లోపల మరొక సరుకు అన్న బాధ మనకు కొత్త కాదు. ‘టానిక్’, ‘పవర్’, ‘బూస్టర్’ అంటూ వచ్చే సీసాల్లో ఏముందో చెప్పేవారు చాలాకాలం లేరు. ఇటువంటి జీవప్రేరకాలను 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చింది. వాటిలో పురుగుమందుల అవశేషం 0.01 పీపీఎం మించరాదని నియమం పెట్టింది. అసలు హార్మోను మందులేమో 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదు కావాలి. అందువల్ల చట్టప్రకారం అమ్మే హార్మోను మందు సీసా మీద మందు అసలు పేరు, శాతం, నమోదు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ, విషతీవ్రత తెలిపే రంగు త్రికోణం ఉంటాయి. రంగుల్లో ఎరుపు అన్నిటికన్నా తీవ్రం. తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఇవేవీ లేకుండా పండ్ల బొమ్మలు మాత్రమే ఉన్న సీసాను నమ్మకండి.

సరిహద్దులో ఉన్న మనకు మరొక ఇబ్బంది ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడమో, తమిళమో. సీసా మీద అక్షరాలు ఇంగ్లీషులో, చీమ తలకాయలంత. చివరకు అంగడివాడు నోటితో చెప్పిందే మోతాదు అవుతుంది. సీసాతోపాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని పారవేయకండి. బడికి పోయే మీ అబ్బాయి చేతనో, అమ్మాయి చేతనో చదివించుకోండి. ఏ పంటకు, ఎంత, ఎప్పుడు, కోతకు ఎన్నాళ్ల ముందు ఆపాలి అన్న నాలుగు మాటలు మీకు వచ్చిన భాషలో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. మందు కొన్న రసీదు అడిగి తీసుకోండి. నష్టం జరిగితే మీ చేతిలో ఉండే సాక్ష్యం ఆ రసీదూ, ఆ ఖాళీ సీసా మీది బ్యాచి సంఖ్యా మాత్రమే.

వాడేవారి భద్రత కూడా మరువకండి. హార్మోను కదా, విషం కాదు కదా అని వట్టి చేతులతో కలపకండి. చేతి తొడుగులు, ముఖానికి గుడ్డ తప్పనిసరి. గర్భిణీ స్త్రీలను, పిల్లలను ఈ పనికి పెట్టకండి. కొలత గ్లాసును ఇంటి సామాన్లలో కలపకండి. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టకండి. కొత్త మందేదైనా సరే, మొదటి ఏడు రెండు చెట్లకే వాడి చూడండి. ఆ రెంటి పక్కన మందు వేయని రెండు చెట్లను వదలండి. పూత, కాయ, మరుసటి ఏటి చిగురు, మూడూ పోల్చి చూసిన తరువాతనే మిగతా తోటకు వాడాలో వద్దో నిర్ణయించుకోండి. సందేహం వస్తే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఖర్చు లేకుండా ఫోను చేసి అడగవచ్చు.

హార్మోను మందులను అసలే ముట్టవద్దని నేను చెప్పడం లేదు. ఎరువు, నీరు, కొమ్మ కత్తిరింపు, తెగుళ్ల అదుపు, ఈ నాలుగూ సక్రమంగా ఉన్న తోటలో, తెలిసిన మందును, కొలిచిన మోతాదులో, తగిన సమయంలో వాడితే మేలు చేస్తాయి. ఆ నాలుగూ లేని తోటలో హార్మోను మందు చెట్టుకు బలం కాదు, చెట్టు మీద చేసిన అప్పు. ఈ వానాకాలం సీసా మూత తీసే ముందు ‘పోయిన కాపుకు నేను ఈ చెట్టుకు ఏమి తిరిగి ఇచ్చాను?’ అని ఒక్కసారి లెక్క చూసుకోండి. జవాబు సరిగా ఉంటేనే మూత తీయండి.